నేలమాళిగలో గ్రహాంతరవాసి



ప్రాణం తీయని ఆయుధం ఒకటుంది. అది మోగితే చాలు, విన్నవాడు విన్నచోటే కూలబడి గుర్రుపెడతాడు. కత్తి పట్టినవాడి చేతిలో కత్తి అలాగే ఉంటుంది, కళ్లు మాత్రం మూతపడతాయి. దీన్ని కనిపెట్టినాయన అఘోర్ సేన్ అనే బెంగాలీ. నూట యాభై ఏళ్ల కిందట, ఒక పల్లెటూళ్లో, ఇంటి కింద నేలమాళిగలో కూర్చుని ఈ పని చేశాడు. చరిత్ర పుస్తకాలు తిరగేయకండి, దొరకడు. ఆయన శీర్షేందు ముఖోపాధ్యాయ్ రాసిన ‘పాతాళ్‌ఘర్’లో మనిషి. ఆ పిల్లల నవలను అభిజిత్ చౌధురి అదే పేరుతో సినిమాగా తీశారు. 2003లో విడుదలైంది. విన్నవాళ్లను నిద్రపుచ్చే గుణం రేడియో ప్రసంగాలకూ ఉందని గిట్టనివాళ్లు అంటుంటారు. ఆ మాట అబద్ధమని చూపించే పూచీ ఈ పూట నామీద పడింది.

ముందు కథ. శాస్త్రవేత్తల సభలో భూతనాథ్ నంది అనే ఆయన లేచి, ఎప్పుడో పోయిన అఘోర్ సేన్ ఇలాంటి యంత్రం ఒకటి తయారుచేశాడని చెబుతాడు. ఆ మాట ఆయుధాల వ్యాపారం చేసే బేగం చెవిన పడుతుంది. ఈ బేగం వేషం మీతా వశిష్ఠ్ వేశారు. అఘోర్ సేన్ పాత ఇల్లేమో కార్తీక్ అనే కుర్రాడి చేతికొస్తుంది. వాడూ, వాడి మేనమామ సుబుద్ధీ పెట్టే బేడా సర్దుకుని ఆ ఊరు చేరతారు. మేనమామ పేరు సుబుద్ధి అయినంత మాత్రాన బుద్ధి ఉండాలన్న నియమం లేదనుకోండి. ఇక మూడోవాడు విక్. న్యాప్‌చా అనే గ్రహం వాడు. నూట యాభై ఏళ్ల కిందట అఘోర్ సేన్ యంత్రం దెబ్బకు నిద్రపోయి, ఇప్పుడు లేచాడు. మూడు దారులూ ఆ నేలమాళిగ దగ్గరే కలుస్తాయి.

ఈ సినిమాను నేను హాల్లో చూడలేదు. దక్షిణ కలకత్తాలో మా పక్కవాటా బెంగాలీ వాళ్లింట్లో, ఒక ఆదివారం, చేపల పులుసూ అన్నం అయ్యాక, టీవీ ముందు చాప మీద కూర్చుని చూశాను. ఆ ఇంట్లో అమ్మమ్మగారి నుంచి మనవడి దాకా అందరూ నవల చదివినవాళ్లే. చదవనివాణ్ణి నేనొక్కణ్ణే. బొమ్మ మొదలై పది నిమిషాలు కాలేదు, మనవడు లేచి నిలబడ్డాడు. “దీదా, పుస్తకంలో ఇలా లేదు!” అమ్మమ్మగారు వాడి చొక్కా పట్టి కూర్చోబెట్టారు. “ఉండరా, ముందు చూడనీ. తగువు తర్వాత పెట్టుకుందాం.” అన్నట్టే తర్వాత తగువు పెట్టుకున్నారు. టీ రెండుసార్లు వచ్చింది. ఏ మనిషిని తీసేశారు, ఎవరిని కొత్తగా పెట్టారు, అది బాగుందా లేదా అన్న వాదన దీపాలు పెట్టేవేళ దాకా సాగింది. మర్నాడు ఆ కుర్రాడే నవల తెచ్చి నా చేతిలో పెట్టాడు. నాకొచ్చిన బెంగాలీ అంతంతమాత్రం. అయినా పిల్లల పుస్తకం కాబట్టి పట్టుదలగా చదివాను.

చదివాక ఒక సంగతి పట్టుబడింది. నవలకు ఖర్చు లేదు. గ్రహాంతరవాసి వచ్చాడని ఒక్క వాక్యం రాస్తే వచ్చేస్తాడు. నూట యాభై ఏళ్లు నిద్రపోయాడని రాస్తే నిద్రపోతాడు. కాగితమూ సిరా ఉంటే చాలు. సినిమా అలా కాదు. ప్రతి వాక్యానికీ బిల్లు కట్టాలి. నవలలో నిద్రపుచ్చే శబ్దం నిశ్శబ్దంగానే ఉంటుంది, చదివేవాడు తనకు తోచిన శబ్దం తాను వింటాడు. సినిమాలో మాత్రం అది నిజంగా వినబడాలి. వినబడి నిజంగా నిద్రపుచ్చిందా, టికెట్టు కొన్నవాళ్లంతా హాల్లోనే పడుకుంటారు. నిద్రపుచ్చలేదా, ఇదేం శబ్దం అంటారు. ఇక దర్శకుడికి మిగిలే దారి ఒక్కటే. వింటున్నవాళ్ల ముఖాలు చూపించాలి. రెప్ప బరువెక్కడం, మాట మధ్యలో నాలుక మడతపడటం, మెడ వాలడం. అంటే అక్కడ స్పెషల్ ఎఫెక్ట్ నటుడే. చౌధురికి ఇది తెలుసు. ఆయన చేతిలో హాలీవుడ్ డబ్బు లేదు. బెంగాలీ రంగస్థలం మీద పండిపోయిన నటులున్నారు, పాత ఇళ్లున్నాయి, పల్లెటూళ్లున్నాయి. వాటితోనే పని కానిచ్చారు. విక్‌గా వేసిన విప్లవ్ చటోపాధ్యాయ్ బెంగాలీ సినిమాల్లో పేరుమోసిన విలన్. పక్క ఊరి రౌడీకీ పరాయి గ్రహం వాడికీ ఆయన పెద్ద తేడా చూపించలేదు. అదే నాకు నచ్చింది.

శీర్షేందు పిల్లల నవలలు ‘అద్భుతూరే’ అనే వరసలో వస్తాయి. వాటిలో ఊరంటే దొంగలూ దయ్యాలూ కలిసి కాపురం చేసే చోటు. అక్కడ దయ్యాలు భయపెట్టవు, మాట సాయం చేస్తాయి. దొంగలకూ నీతీ జాతీ ఉంటుంది. అలాంటి ఊరికి పరాయి గ్రహం వాడొస్తే ఎవరు జడుస్తారు? వాడూ ఒక చుట్టమే. పడమటి దేశాల సినిమాల్లో గ్రహాంతరవాసి దిగగానే సైన్యం దిగుతుంది. ఇక్కడ దిగితే ఊళ్లోవాళ్లు ఎవరింటికొచ్చావు బాబూ అని అడుగుతారు.

బెంగాలీల సైన్స్ ఫిక్షన్ మొదటినుంచీ ఇదే బాట. 1896లో కుంతలీన్ అనే తలనూనె కంపెనీ కథల పోటీ పెట్టింది. కంపెనీ నూనె కథలో ఎక్కడో తగలాలన్నది షరతు. అందులో బహుమతి కొట్టిన కథ రాసింది ఎవరనుకున్నారు? జగదీశ్ చంద్ర బోస్. తుపాను కలకత్తా మీదికి వస్తుంటే, ఓడలో ఉన్నాయన తలనూనె సీసా సముద్రంలో ఒంపుతాడు, అలలు సద్దుమణుగుతాయి. నూనె నీటి తలతన్యతను మార్చేస్తుందన్నది అందులో సైన్సు. తలనూనె కంపెనీ మెప్పు అందులో లౌక్యం. ఇదే బోస్ 1890ల నడుమ కలకత్తా టౌన్‌హాల్లో తీగ లేకుండా తరంగాలు పంపి, దూరాన గంట మోగించి, మందుగుండు పేల్చి చూపించారు. అంటే బెంగాలీలో తొలితరం సైన్స్ ఫిక్షన్ రాసిన చేతులూ, ఈ రేడియోకు పునాది వేసినవారిలో ఒకరి చేతులూ ఒకటే. ఆయనకు ఈ పూట నా తరఫునా మీ తరఫునా ఒక దండం.

ఆ తర్వాత ప్రేమేంద్ర మిత్ర వచ్చారు. ఆయన కథల్లోని ఘనాదా ఒక హాస్టల్ గదిలో వాలుకుర్చీలో కూర్చుని, కుర్రకారు సిగరెట్లు కాలుస్తూ ప్రపంచమంతా తిరిగొచ్చిన కోతలు కోస్తాడు. 1961లో సత్యజిత్ రాయ్ ప్రొఫెసర్ శొంకును సృష్టించారు. 1963 జనవరిలో అద్రీశ్ బర్ధన్ ‘ఆశ్చర్య’ అనే పత్రిక మొదలుపెట్టారు. పత్రిక మొత్తం సైన్స్ ఫిక్షనే. ఇవన్నీ పుస్తకాలు, పత్రికలు. మరి సినిమా?

1966లో కలకత్తాలో సైన్స్ ఫిక్షన్ సినిమాలు చూడటానికే ఒక క్లబ్బు పుట్టింది. పేరు ‘సైన్స్ ఫిక్షన్ సినీ క్లబ్’. అధ్యక్షుడు సత్యజిత్ రాయ్, ఉపాధ్యక్షుడు ప్రేమేంద్ర మిత్ర, కార్యదర్శి అద్రీశ్ బర్ధన్. ముగ్గురూ ముందు రచయితలు, తర్వాతే ప్రేక్షకులు. రాయ్‌ను దర్శకుడు అనాలి కదా అంటారేమో. ఆయన పిల్లల పత్రిక ‘సందేశ్’కు కథలు రాసిన మనిషి కూడా. ఫిలిం సొసైటీలు నడపడం ఆయనకు కొత్త కాదు. 1947లో కలకత్తా ఫిలిం సొసైటీ స్థాపకుల్లో ఆయనొకరు. 1959లో దేశంలోని సొసైటీలన్నీ కలిసి సమాఖ్య కట్టుకుంటే దానికీ ఆయనే అధ్యక్షుడు. అయితే ఆ సొసైటీలు ఐసెన్‌స్టీన్‌నూ డిసికానూ చూపించేవి. అంతరిక్ష నౌకల బొమ్మలకు కూడా సొసైటీ కావాలని అడగడం అప్పట్లో పెద్దమనుషులకు కొంచెం నామోషీ. రాయ్‌కు లేదు.

అప్పటికి ప్రపంచంలో సైన్స్ ఫిక్షన్ సినిమా నవల భుజమ్మీద ఎక్కే నడుస్తోంది. వెల్స్ ‘టైమ్ మెషీన్’ను జార్జ్ పాల్ 1960లో తీశారు. కాలం పరుగెత్తడం ఎలా చూపించాలి? నవలలో వెల్స్ పగలూ రాత్రీ రెక్కల్లా కొట్టుకున్నాయని చెప్పి ఊరుకోవచ్చు. పాల్ ఏం చేశాడంటే, ఎదురు దుకాణం అద్దంలో ఆడబొమ్మను నిలబెట్టి, ఏళ్లు గడిచేకొద్దీ దాని బట్టల ఫ్యాషన్ మారుస్తూ పోయాడు. కాలయంత్రం కన్నా ఆ బొమ్మే జనానికి బాగా గుర్తుండిపోయింది. బ్రాడ్‌బరీ ‘ఫారెన్‌హీట్ 451’ను 1966లో త్రుఫో తీశాడు. పుస్తకాలు తగలబెట్టే లోకం కథ. అందుకని టైటిల్సులో ఒక్క అక్షరం కూడా తెర మీద వేయలేదు. పేర్లన్నీ గొంతుతో చదివి వినిపించాడు. అచ్చం రేడియోలో మల్లే. నవల వాక్యం కింద వాక్యం అతికించకుండా, తన పనిముట్టుతో తాను చేసిన పని అది. అలాంటివాళ్ల సినిమా చూశాక నవల మళ్లీ చదవబుద్ధవుతుంది. వాక్యం వాక్యం అతికించేవాళ్లది చూస్తే నవల మీదే విసుగొస్తుంది.

అదే 1966లో ఇంకో పని జరిగింది. ఇది మన ఆకాశవాణి పని కాబట్టి ప్రత్యేకంగా చెబుతున్నాను. ప్రేమేంద్ర మిత్ర, అద్రీశ్ బర్ధన్, దిలీప్ రాయ్‌చౌధురి, సత్యజిత్ రాయ్ నలుగురూ కలిసి ‘సబుజ్ మానుష్’, అంటే ‘పచ్చ మనిషి’, అని ఒకే విషయం మీద తలా ఒక కథ రాశారు. వాటిని కలకత్తా రేడియో ప్రసారం చేసింది. తెర లేదు, సెట్టు లేదు, మేకప్పు లేదు. పచ్చ మనిషి ఎంత పచ్చగా ఉన్నాడో ఇళ్లలో కూర్చుని విన్నవాళ్లే రంగు వేసుకున్నారు. ఖర్చు లెక్కలో చూస్తే రేడియో నవల పక్షమే.

ఇప్పుడు అసలు దుఃఖం దగ్గరికి వద్దాం. క్లబ్బు పెట్టినప్పుడు రాయ్ ఆర్థర్ సి. క్లార్క్‌కు ఉత్తరం రాశారు, నాలుగు మాటలు సందేశంగా పంపమని. ఆ పరిచయం పెరిగింది. 1966లో లండన్‌లో కలిశారు. క్లార్క్ అప్పుడు కూబ్రిక్‌తో ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ పనిలో ఉన్నారు. ఆ నవలా సినిమా ఒకదానికొకటి ముందూ వెనకా కాకుండా పక్కపక్కనే తయారవుతున్నాయి. రాయ్ తన మనసులో ఉన్న కథ చెప్పారు. బెంగాల్‌లో ఒక పల్లె, తామరల చెరువు, అందులో అంతరిక్ష నౌక దిగుతుంది. నీటిపైకి తేలిన దాని కొస చూసి, మునిగిపోయిన గుడి మళ్లీ పైకొచ్చిందని ఊళ్లోవాళ్లు పూజలు మొదలుపెడతారు. లోపలున్న చిన్నవాడు ఊళ్లో ఒక పేద కుర్రాడి కలలోకి వస్తాడు. దీని బీజం అంతకుముందే, 1962లో ‘సందేశ్’లో రాయ్ రాసిన ‘బంకుబాబు స్నేహితుడు’ కథలో ఉంది. ఊళ్లో నలుగురూ కలిసి ఆటపట్టించే బడిపంతులు బంకుబాబు. ప్లూటోకు వెళ్లాల్సిన నౌక దారి తప్పి వెదురుపొదలో దిగితే, అందులోనివాడితో పంతులుగారికి స్నేహం కుదురుతుంది. మర్నాడు ఆయన ఆటపట్టించినవాళ్లకు గట్టిగా బుద్ధి చెప్పి బయటికి నడుస్తాడు. అంతే కథ.

క్లార్క్ ఈ సంగతి తన మిత్రుడు మైక్ విల్సన్‌కు చెప్పారు. విల్సన్ 1967లో కలకత్తా వచ్చి రాయ్ ఇంట్లో కూర్చున్నాడు. రాయ్ ‘ది ఏలియన్’ స్క్రీన్‌ప్లే రాశారు. కొలంబియా కంపెనీ డబ్బు పెడతానంది. అందులోని మార్వాడీ సేఠ్ వేషానికి పీటర్ సెల్లర్స్ సరేనన్నాడు. రాయ్ హాలీవుడ్ వెళ్లి చూస్తే, తాను రాసిన స్క్రిప్టు కాపీల మీద కాపీరైటు వరుసలో విల్సన్ పేరు కూడా ఉంది. ఆ తర్వాత సెల్లర్స్ తప్పుకున్నాడు. మార్లన్ బ్రాండో పేరు వినబడింది, అదీ పోయింది. సినిమా తీయలేదు. 1982లో స్పీల్‌బర్గ్ ‘ఇ.టి.’ వచ్చినప్పుడు పోలికలు చూసి క్లార్కే ముందు రాయ్‌తో ప్రస్తావించారు. తన సినిమాకు ఆ స్క్రిప్టుతో సంబంధం లేదని స్పీల్‌బర్గ్ అన్నారు. ఎవరిది ఒప్పో తేల్చే పని నాది కాదు. నన్ను తొలిచేది వేరే. తామర చెరువు బెంగాల్లో ఊరికొకటి ఉంది. కుర్రాళ్లున్నారు. పూజలు చేసే జనానికి కొదవ లేదు. లేనిదల్లా ఆ ఒక్క నౌక. ఆ ఒక్కదాని కోసం కథ సముద్రాలు దాటింది, దాటి తిరిగి రాలేదు. రాయ్ వైపు నుంచి చూస్తే ఆశ తప్పు కాదు. కానీ పాతాళ్‌ఘర్ చూసినప్పుడల్లా నాకు, చెరువులో నౌకను చూపించకుండానే ఆ చెరువు చుట్టూ చేరిన ఊరి ముఖాలు చూపించి రాయ్ ఆ సినిమా తీయగలిగేవారేమో అనిపిస్తుంది. తీస్తే ఆయనే తీయాలి. ఎంత లేదన్నా ‘పథేర్ పాంచాలీ’లో రైలును చూపించడం కన్నా రైలు కోసం పరుగెత్తే పిల్లల్ని చూపించిన మనిషి కదా.

రాయ్ కొడుకు సందీప్ రాయ్ 2019లో ‘ప్రొఫెసర్ శొంకు ఓ ఎల్ డొరాడో’ తీశారు. తండ్రి రాసిన పెద్ద కథే ఆధారం. శొంకుగా ధృతిమాన్ చటర్జీ, దివ్యదృష్టి ఉన్న నకుర్‌బాబుగా శుభాశీష్ ముఖర్జీ. షూటింగుకు బ్రెజిల్ దాకా వెళ్లారు. చూసినవాళ్లలో సగం మంది బ్రెజిల్ గురించీ, మిగతా సగం మంది శుభాశీష్ గురించీ మాట్లాడారు. నేను రెండో సగంలో ఉన్నాను. ఉత్తరీయం సర్దుకుంటూ సంకోచంగా నిలబడే ఆ పల్లెటూరి మనిషి కళ్లెదుట ఎక్కడివో దృశ్యాలు మెదులుతున్నాయంటే నమ్మేస్తాం. అడవి చూపించినప్పుడు మాత్రం గ్రాఫిక్సు బాగున్నాయా లేదా అని లెక్కలు మొదలవుతాయి.

మన సంగతి కూడా ఒక మాట. తెలుగు సినిమాకు నవల కొత్త కాదు. యద్దనపూడి ‘మీనా’, ‘సెక్రటరీ’, యండమూరి ‘అభిలాష’, ‘ఛాలెంజ్’ అని ఎవరైనా గుక్కతిప్పుకోకుండా చెబుతారు. సైన్స్ ఫిక్షన్ నవల పేరు చెప్పమంటే అంత తేలిగ్గా నోటికి రాదు. సీరియళ్ల రోజుల్లో మన పాఠకులకు చేతబడి మీద ఉన్న మోజు రాకెట్ల మీద లేదు మరి. అందరికీ గుర్తొచ్చేది 1991 నాటి ‘ఆదిత్య 369’. అది నవలకు తెర రూపం కాదు. సింగీతం శ్రీనివాసరావు వెల్స్ నుంచి కాలయంత్రాన్ని మాత్రం అరువు తెచ్చుకున్నారు. వెల్స్ యాత్రికుడు ఎనిమిది లక్షల ఏళ్లు ముందుకు పోతే, మనవాళ్లు కృష్ణదేవరాయల కొలువుకు పోయారు. రాయలవారి సభ మన సినిమాకు పల్లెటూరి చెరువులాంటిదే. ఆ కిరీటాలూ స్తంభాలూ పద్యాలూ మనకు వెన్నతో పెట్టిన విద్య. సింగీతం యంత్రాన్ని తీసుకెళ్లి అక్కడ దించారు కాబట్టే అది నిలబడింది. అదే యంత్రం 2504కు పోయిన ఘట్టంలో, నా మటుకు నాకు, అట్టముక్కల వాసన కొంచెం తగులుతుంది.

కలకత్తాతో మన సినిమా బంధం పాతదే. 1934 ‘లవకుశ’ను సి. పుల్లయ్యగారు కలకత్తా ఈస్ట్ ఇండియా ఫిలిం కంపెనీకే తీశారు. ‘ఆదిత్య 369’లోనూ ఒక ముడి ఉంది. అందులో కాలయంత్రం తయారుచేసే ప్రొఫెసర్ రాందాస్ వేషం వేసినాయన టీనూ ఆనంద్. చెదిరిన జుట్టూ, కంగారు చూపులూ, మీకు గుర్తుండే ఉంటారు. ఆయన నటుడు కాకముందు, హిందీలో ‘కాలియా’, ‘షహెన్‌షా’ తీయకముందు, కలకత్తాలో సత్యజిత్ రాయ్ దగ్గర కొన్నేళ్లు అసిస్టెంటుగా పనిచేశారు. రాయ్ తీయాలనుకున్న సైన్స్ ఫిక్షన్ సినిమా ఆగిపోయింది. ఆయన దగ్గర పని నేర్చుకున్నాయన మాత్రం ఇరవై ఏళ్లు దాటాక తెలుగు తెర మీద శాస్త్రవేత్తగా దిగి, బాలకృష్ణను విజయనగరానికి పంపించారు.